కర్త, కర్మ, కాంపోట్

కొట్లో సీసాల్లో వరసగా దొరికే వస్తువును కొనకుండా, ఇంట్లో పొయ్యి ముందు రెండున్నర గంటలు నిలబడి చేసుకోవడమంత భాగ్యం మనిషి జన్మకు ఇంకొకటి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నమ్మనివాళ్ళు ఈ వ్యాసం చివరిదాకా చదవండి. నమ్మేవాళ్ళు చదవనక్కర్లేదు. వాళ్ళకు తీరిక కూడా ఉండదు, పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది.

నేను చెబుతున్నది యాపిల్, బేరిపళ్ళ కాంపోట్ గురించి. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆ రెండు రకాల పళ్ళనూ తొక్క తీసి, గింజలు తీసి, ముక్కలు కోసి, కాసిని నీళ్ళూ కాస్త చక్కెరా వేసి, ఒక దాల్చినచెక్క ముక్క పడేసి, సన్నని సెగ మీద మెత్తబడేదాకా ఉడికిస్తే వచ్చే పదార్థం ఇది. జామ్ అవుదామని బయలుదేరి దారిలో మనసు మార్చుకున్నట్టు ఉంటుంది. పళ్ళు రాని పసివాళ్ళూ, పళ్ళు పోయిన పెద్దవాళ్ళూ, కడుపు బాగాలేనివాళ్ళూ తింటారు. అన్నీ బాగున్నవాళ్ళు ఫోటో తీసుకుంటారు.

మా మామగారు మొదటి రోజు నుంచీ దీన్ని "కంపోస్టు" అనే అంటారు. ఎన్నిసార్లు సరిదిద్దినా అంతే. "అమ్మాయ్, ఇవాళ నాకు కంపోస్టు వేశావా?" అని ఆయన వరండాలోంచి కేకేస్తే, పక్కింటివాళ్ళు మా ఇంటి వైపు ఒకలా చూస్తారు.

అసలు కథ పళ్ళతోనే మొదలైంది. తినే పళ్ళు కాదు, నోట్లో పళ్ళు. మూడు నెలల క్రితం మామగారికి పై వరసలో మిగిలిన ఆరింటినీ పళ్ళ డాక్టరు పీకేశాడు. పీకి, చేతులు కడుక్కుని, "పళ్ళు బాగా పెట్టండమ్మా, మెత్తగా ఉడికించి" అన్నాడు. మామగారు నోట్లో దూదితోనే కొడుకు వైపు తిరిగి, "పళ్ళు ఊడబీకి పళ్ళు తినమంటాడేంట్రా వీడు?" అన్నారు. బళ్ళో పిల్లలకు వ్యాకరణం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వే నా కొంప ముంచిందని తర్వాత తెలిసింది. నవ్విన మనిషి ఒప్పుకున్నట్టే లెక్క.

ఆ సాయంత్రమే మావారు ఫోన్లో ఒక వీడియో పట్టుకొచ్చారు. "ఐదే ఐదు నిమిషాల్లో, ఇంట్లోనే చేసుకోవచ్చు" అని దాని పేరు. తెల్లటి వంటగది. మచ్చలేని గోడలు. ఒక అమ్మాయి చిరునవ్వుతో నిలబడి, గాజు గిన్నెల్లో ముందే కోసిపెట్టిన ముక్కల్ని గిన్నెలోకి వంపి, రెండుసార్లు తిప్పి, "చూశారా, ఎంత ఈజీనో!" అంది.

ఆ ముక్కలు ఎవరు కోశారు? అడగకూడదు. ఆ గాజు గిన్నెలు తర్వాత ఎవరు కడిగారు? అసలు అడగకూడదు. అలాంటి ప్రశ్నలు వేసేవాళ్ళకు కాంపోట్ పాకానికి రాదు.

"చూశావా, ఐదు నిమిషాల పని" అన్నారు మావారు.

నిజమే. తొక్క తీయడానికి నలభై నిమిషాలు, కోయడానికి అరగంట, ఉడకడానికి ముప్పావుగంట, సీసాలు వేడినీళ్ళలో మరగబెట్టి ఆరబెట్టడానికి ఇంకో అరగంట. వీటన్నిటి మధ్య ఎక్కడో ఆ ఐదు నిమిషాలూ ఉన్నాయి, నేనింకా వెతుకుతున్నాను. అయినా ఆలోచించండి. మామూలు మనుషులకు ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే. నాకు మాత్రం అందులో రెండున్నర గంటలు పడుతున్నాయి. ఇంత దీర్ఘాయుష్షు ఏ మందు ఇస్తుంది?

ఇక బేరిపండు సంగతి. ఓర్పు నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఎక్కడెక్కడికో పోతారు. అరడజను బేరిపళ్ళు కొని తెచ్చుకుంటే చాలదా! సోమవారం అది రాయి. మంగళవారం రాయి. బుధవారం నొక్కి చూస్తే, "నన్నెందుకు నొక్కుతావు?" అన్నట్టు చూస్తుంది. శుక్రవారం సాయంత్రం మీరు బడి నుంచి వచ్చి బట్టలు మడత పెట్టుకుంటూ ఉండగా, ఎవరికీ చెప్పకుండా పండుతుంది. శనివారం పొద్దున్న ఉడికించారా సరే, లేదా ఆదివారానికి లోపల గోధుమరంగు తిరిగి, పైకి మాత్రం మర్యాదగా కూర్చుని ఉంటుంది. అలాంటి మనుషుల్ని మీరూ చూసే ఉంటారు.

కాబట్టి మా ఇంట్లో కాంపోట్ శనివారం పొద్దున్నే చేయాలి. ఇది మేము పెట్టుకున్న ముహూర్తం కాదు, బేరిపండు పెట్టింది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. చిన్నదే, కాంపోట్ ముందు ఏపాటిది! అప్పటికి నేను కారు నడపడం నేర్చుకుంటున్నాను. మా అక్క ఊరికి ఆ చివర ఉంటుంది. రెండు బస్సులు మారి, గంటన్నర నిలబడి వెళ్ళాలి. మా ఇంటి ముందు కారు ఉంది, వారంలో ఐదు రోజులు గుడ్డ కప్పుకుని పడుకుంటుంది, ఎందుకంటే మావారు ఆఫీసు బస్సులో వెళతారు. అక్క ఇంటికి తీసుకెళ్ళమంటే, "వచ్చే వారం వెళ్దాంలే" అంటారు. ఆ వచ్చే వారానికి మొన్నటితో మూడేళ్ళు నిండాయి. అందుకని, ఎవర్నీ అడగకుండా నా అంతట నేను తలుపు తీసుకుని, తాళం తిప్పుకుని, మా అక్క వాకిట్లో దిగాలని నా కోరిక. నలభై ఎనిమిదేళ్ళకు పుట్టిన కోరిక కాబట్టి కాస్త మొండిది.

నేర్చుకునేవాళ్ళ లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది. ఆ లోపు పరీక్ష ప్యాసవ్వాలి. మా వైపు ఆ పరీక్ష శనివారం పొద్దున్న మాత్రమే పెడతారు.

చూశారా అందం! బేరిపండూ శనివారమే, లైసెన్సూ శనివారమే. మొదటి శనివారం నేను పరీక్షకు వెళ్ళలేదు, రెండు గిన్నెల ముక్కలు కోసి ఉన్నాయి, నల్లబడిపోతాయి. రెండోసారి వెళ్ళలేదు, అప్పటికి సీసాలు నాలుగయ్యాయి.

నాలుగెందుకయ్యాయంటారా? మామగారు తినేది వారానికి ఒక సీసా. రెండోది మావారు ఆఫీసుకు పట్టుకెళ్ళారు, "రుచి చూస్తారని". రుచి చూశారు. ఆ తర్వాత వారం పక్క బల్లాయన అడిగాడు, ఆ తర్వాత స్టోర్సు ఆవిడ అడిగింది. మావారు ఆఫీసు ప్రింటర్లో చక్కటి చీటీలు అచ్చువేసి తెచ్చారు. చుట్టూ సన్నటి ఆకుపచ్చ గీత, మధ్యలో అందమైన అక్షరాలతో రెండు మాటలు: "ఇంట్లో చేసినది."

ఆ చీటీ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెబుతున్న మనిషిని. పని ఉంది, చేసినది. పని జరిగిన చోటు ఉంది, ఇంట్లో. చేసినవాళ్ళు ఏరీ? ఎంత వెతికినా కనబడలేదు. ఆకుపచ్చ గీత కింద కూడా చూశాను.

అప్పుడర్థమైంది నాకు ఈ కాంపోట్ మహిమ. మన ఇళ్ళలో గోడలకు చేతులుంటాయి! గుమ్మం తొక్క తీస్తుంది, కిటికీ ముక్కలు కోస్తుంది, గచ్చు గరిటె పట్టుకుంటుంది. లేకపోతే మావారు ఫోన్లో ఆఫీసువాళ్ళతో, "మా ఇంట్లో చేశారండీ" అని ఎందుకంటారు? "ఇంట్లో ఈ వారం ఇంకాస్త ఎక్కువ చేస్తారట" అని ఎందుకు మాటిస్తారు? ఎవరు చేస్తారట? నాకు ఎవరూ చెప్పలేదే! ఆ ఫోన్ నడుస్తున్నంతసేపూ నేను ఆయన పక్కనే కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నాను.

భాష కూడా దీనికి ఎంత సహాయం చేసిందో గమనించారా? "తొక్క తీయాలి. కోయాలి. కలపాలి. దింపాలి." వంట పుస్తకాలన్నీ ఇలాగే ఉంటాయి. ఎవరు తీయాలి అనేది వ్యాకరణం ప్రకారం అవసరం లేదు. వాక్యం పూర్తయినట్టే వినబడుతుంది. ఖాళీ వదిలిన చోట ఎవరో ఒకరు తమంతట తామే వెళ్ళి నిలబడతారు, కొంగు బిగించుకుని.

నా చదువు మాత్రం వృథా పోలేదు. సన్నని సెగ మీద గిన్నె అడుగంటకుండా ఉంచడమూ, కారును హాఫ్ క్లచ్‌లో జారకుండా ఉంచడమూ ఒకే విద్య. రెంటికీ చెవి ఉండాలి. మరీ ఎక్కువైతే మాడుతుంది, మరీ తక్కువైతే ఆగిపోతుంది. నేను ఎడమ కాలితో వంటింటి గచ్చు మీద క్లచ్ నొక్కుతూ, కుడి చేత్తో గరిటె తిప్పుతూ మూడు నెలలు సాధన చేశాను. మావారు ఒకసారి చూసి, "కాలు తిమ్మిరెక్కిందా?" అన్నారు. అవునన్నాను.

రెండోసారి కూడా పరీక్షకు వెళ్ళకపోయేసరికి డ్రైవింగ్ మాస్టారు ఫోన్ చేశారు. ఆయన మంచివాడు, మాటలో మాత్రం బ్రేకులుండవు.

"ఏంటమ్మా మీరు, నేనక్కడ తొమ్మిదింటి నుంచీ నిలబడ్డాను."

"పొయ్యి మీద ఉంది మాస్టారూ."

"ప్రతి శనివారం పొయ్యి మీదే ఉంటుందా? ఏంటది?"

"కాంపోట్ అని, పళ్ళు ఉడికించేది. ఐదు నిమిషాల పనే."

"ఐదు నిమిషాలకి నేను మూడు గంటలు చూశానమ్మా. ఇదిగో, వచ్చే శనివారం ఆఖరు. అది దాటితే మీ కాగితం చెల్లదు, మళ్ళీ మొదటి నుంచి రావాలి. అప్పుడు నేను నేర్పను, ముందే చెప్తున్నా. నా గుండె బాలేదు."

"అంత భయంగా నడుపుతానా?"

"మీరు బాగానే నడుపుతారు. రారు, అదే నా బాధ."

ఆ ఆఖరు శనివారం ఎలా వచ్చిందో వినండి. శుక్రవారం సాయంత్రం మావారు కొట్లోనే పండిపోయిన పళ్ళతో, రెండు సంచులు పట్టుకుని దిగారు. ఎప్పుడూ తెచ్చే దానికి రెట్టింపు. వాళ్ళ పెద్ద ఆఫీసరుకు కూడా ఇస్తానని మాటిచ్చారట. ఎనిమిది సీసాలు. చీటీలు కూడా తెచ్చేశారు.

"రేపు నాకు పరీక్ష" అన్నాను.

"ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి. ఇదే ఆఖరుది. తప్పితే మళ్ళీ మొదటి నుంచి."

"దానికేముంది, వెళ్ళిరా. పొయ్యి మీద పడేసి వెళ్ళు, అదే ఉడుకుతుంది. ఐదు నిమిషాల పని."

పాఠకులారా, నేను ఆ వాక్యాన్ని గౌరవించాను. అదే ఉడుకుతుంది అన్నారు. కర్త స్పష్టంగా ఉంది: "అది". క్రియ ఉంది. ఇంత చక్కటి వాక్యం మా ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో!

పొద్దున్న అయిదింటికి లేచి ఎనిమిది సీసాలకు సరిపడా తొక్క తీశాను, కోశాను. పెద్ద గిన్నెలో నీళ్ళూ చక్కెరా దాల్చినచెక్కా వేసి, సన్నని సెగ మీద పెట్టాను. చీర కుచ్చిళ్ళు పెడళ్ళకు అడ్డు రాకుండా పిన్ను పెట్టుకున్నాను. మావారు హాల్లో పేపరు చదువుతున్నారు. ఆయన ముందు నిలబడి, బళ్ళో చెప్పినట్టు విడమరిచి చెప్పాను.

"మధ్యమధ్యలో కలపాలి. ముప్పావుగంటకు దింపాలి."

"ఆఁ ఆఁ, కలపాలి, దింపాలి" అన్నారు ఆయన, పేజీ తిప్పుతూ.

ఇద్దరం ఒప్పుకున్నాం. ఇద్దరిలో ఎవరూ ఎవరి పేరూ ఎత్తలేదు. నేను చెప్పులేసుకుని వెళ్ళిపోయాను.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను, ఇది కాంపోట్ మీద వ్యాసం. కారు వెనక్కి నడపమన్నారు, నడిపాను. వాలు మీద ఆపి, వెనక్కి జారకుండా కదిలించమన్నారు. చుట్టూ అందరి కార్లూ అక్కడే దడదడలాడి ఆగిపోతున్నాయి. నేను సన్నని సెగ గుర్తు తెచ్చుకున్నాను. కారు మెత్తగా, ఉడికిన బేరిపండులా ముందుకు కదిలింది. పక్కన కూర్చున్న పరీక్షల ఆఫీసరు కాగితంలోంచి తలెత్తాడు.

"హాఫ్ క్లచ్ ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్?"

"ఇంట్లోనే చేసుకోవచ్చండీ" అన్నాను.

ప్యాసయ్యాను. మాస్టారు బయట నిలబడి రెండు చేతులూ పైకెత్తారు. గుండె మీద చెయ్యి మాత్రం పెట్టుకోలేదు.

పదకొండింటికి ఇంటికొచ్చేసరికి మా వీధి మొదట్లోనే వాసన తగిలింది. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. మావారు పేపరుతో వంటింట్లో పొగ విసురుతున్నారు. ఆ పేపరు ఎట్టకేలకు ఒక పనికొచ్చింది. గిన్నె అడుగున నాలుగు వేళ్ళ మందాన నల్లటి పదార్థం, అందులో దాల్చినచెక్క ఎముకలా నిలబడి ఉంది.

"ఏమైంది?"

"మాడిపోయింది."

"ఎవరు మాడ్చారు?"

"ఎవరో మాడ్చడమేంటి? మాడిపోయింది, అంతే."

"కలపాలి, దింపాలి అన్నాను కదండీ."

"అన్నావు. ఎవరు దింపాలో చెప్పావా? నువ్వు వెళ్ళబట్టే మాడింది."

నేను అలాగే నిలబడిపోయాను. కోపంతో కాదు. మూడు నెలల కాంపోట్ చరిత్రలో ఒక వాక్యానికి కర్తగా మనిషి దొరకడం అదే మొదటిసారి! "నువ్వు." ఎంత స్పష్టంగా, ఎంత ధారాళంగా వచ్చిందా మాట! ఉడికినప్పుడల్లా గోడలూ గుమ్మాలూ ఉడికించాయి. మాడినప్పుడు మాత్రం నేను.

అప్పుడు వెనక కరకరమని చప్పుడైంది.

మామగారు. వరండా కుర్చీలో కూర్చుని, సంచిలో మిగిలిన పచ్చి యాపిల్‌ను తొక్కతో సహా కొరుకుతున్నారు. ఆయనకు కట్టుడు పళ్ళు వచ్చి నెల దాటింది. వాటిని గ్లాసులో నీళ్ళలో పెట్టుకుని, ఎవరైనా వస్తేనే పెట్టుకునేవారు. అలవాటు కాలేదేమో అనుకున్నాం.

"మామయ్యా, మీరు యాపిల్ కొరకగలరా?"

"కొరుకుతున్నానుగా."

"ఎప్పటి నుంచీ?"

ఆయన కాస్త నమిలి, కాస్త ఆలోచించి, కొడుకు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "మూడు వారాలైంది. నువ్వు శనివారం శనివారం అంత ముచ్చటపడి చేస్తుంటే వద్దనలేకపోయానమ్మా. నీకది సరదా అనుకున్నా."

"నేను మీకిష్టమనుకున్నాను."

"నాకెందుకమ్మా కంపోస్టు?" అన్నారు ఆయన.

గిన్నెలోది గోకి నిజంగానే పెరట్లో ఎరువు గుంటలో వేశాను. మామగారి మాట ఆ రోజుకి అక్షరాలా నిజమైంది. మూడు వారాలుగా నేను ఆయన కోసం చేశాను, ఆయన నా కోసం తిన్నారు. మధ్యలో ఎనిమిది సీసాల మీద ఎనిమిది చీటీలు అతుక్కోవడానికి సిద్ధంగా ఉన్నాయి.

సోమవారం మావారు ఆఫీసు నుంచి చిన్నబుచ్చుకుని వచ్చారు. పెద్ద ఆఫీసరు సీసా ఏదని అడిగాడట.

"మీరేమన్నారు?"

"ఏమంటాను? ఈ వారం మా ఆవిడ చేయలేదండీ అన్నాను."

విన్నారా? చేసినప్పుడు "ఇంట్లో". చేయనప్పుడు "మా ఆవిడ". మూడు నెలలు నిలబడి చేసిన దానికి దొరకని పదవి, ఒక్క శనివారం చేయకపోతే దొరికింది. అందుకే మొదట్లోనే చెప్పాను, కాంపోట్ అంత భాగ్యం ఇంకొకటి లేదని. మీ పేరు ఈ లోకంలో ఎక్కడుందో తెలుసుకోవాలంటే, ఒక్కసారి గిన్నె పొయ్యి మీద పెట్టి బయటికి వెళ్ళి చూడండి.

ఈ వ్యాసం నేను మా అక్క వాకిట్లో, కారులో కూర్చుని రాస్తున్నాను. ఇవాళ శనివారం. నా అంతట నేనే వచ్చాను. మూడుసార్లు హారను కొట్టాను, అవసరం లేకపోయినా. అక్క లోపలికి రమ్మని పిలుస్తోంది, ఈ నాలుగు ముక్కలూ పూర్తి చేసి వెళతాను.

ఇందాక ఫోన్ మోగింది. మావారు.

"ఏమోయ్, పెద్ద ఆఫీసరు మళ్ళీ అడిగాడు. మొన్న పళ్ళు తెచ్చిపెట్టాను కదా, బేరిపళ్ళు మెత్తబడిపోతున్నాయి. ఇప్పుడేం చేయాలి?"

"ఏం లేదండీ. ఐదు నిమిషాల పని. తొక్క తీయాలి. గింజలు తీయాలి. కోయాలి. సన్నని సెగ మీద ఉడికించాలి. మధ్యమధ్యలో కలపాలి. ముప్పావుగంటకు దింపాలి."

అటువైపు పేపరు మడిచిన చప్పుడైంది. తర్వాత మెల్లగా అడిగారు.

"ఎవరు?"

నేను ఫోన్ పెట్టేశాను. మా బళ్ళో ఐదో తరగతి పిల్లలు కూడా ఖాళీలు వాళ్ళే పూరించుకుంటారు.